సంగటి మానమన్నది వైద్యం, పెద్దకూర మానమన్నది కులం

(‘కంచంలో కులం’ - 9)



ఈ రోజుకు పదకొండో రోజు. ఇంకా మూడు రోజులుంది. పద్నాలుగు రోజులు వాళ్లు చెప్పినట్టు తిని, పదిహేనో రోజు పొద్దున్నే ఆపరేషన్ బల్ల ఎక్కాలి. బరువు తగ్గే ఆపరేషన్. అవును, నాకే.

దాచుకునేదేం లేదు. సభల్లో నన్ను చూసినవాళ్లకు నా ఒళ్లు తెలుసు. చూడనివాళ్ల కోసం చెప్తున్నా: ఎత్తు 158 సెంటీమీటర్లు, మొదటి రోజు బరువు 118 కిలోలు, బీఎంఐ 47. ఆరేళ్లుగా షుగరు. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే జబ్బు. రెండో అంతస్తు మెట్లెక్కి క్లాసుకు పోయాక, మొదటి అయిదు నిమిషాలు బోర్డు మీద ఏదో రాస్తున్నట్టు నటించి ఆయాసం దాచుకోవడం నాకు అలవాటు. నా విద్యార్థులకు ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. క్షమించండి పిల్లలూ, ఆ రాతలన్నీ సిలబస్ కాదు.

పోయిన భాగంలో హాస్టల్ సాంబారు గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈ వారం ఒక కాగితం గురించి రాయాలి. ఆపరేషన్‌కు ముందు ఏం తినాలో, ఏం తినకూడదో రాసిచ్చిన కాగితం. రెండు పక్కలా అచ్చేసిన ఇంగ్లీషు. నేను పీహెచ్‌డీ చేసింది తెలుగులో అయినా ఇంగ్లీషు చదవగలను. మా అమ్మ చదవలేదు. వంట చేసేది మా అమ్మ.

*

ఆ కాగితం ఇచ్చిన రోజు జరిగింది ముందు చెప్పాలి.

ఊరి నుంచి మేం పోగలిగిన పెద్ద ఊళ్లో ఒక పెద్దాసుపత్రి. పేరు అనవసరం. పేరు రాస్తే గొడవ ఆ ఆసుపత్రితో అవుతుంది. నా గొడవ అంతకంటే పెద్దదానితో. డైటీషియన్ గదిలో నేనూ, పక్కన మా అమ్మా. ఆ అమ్మాయికి ఇరవై నాలుగో, ఇరవై అయిదో ఉంటాయి. మర్యాదగానే మాట్లాడింది. ‘నాన్‌వెజ్ తింటారా? ఏమేం తింటారు?’ అని అడిగింది.

నేను ‘చికెన్’ అన్నాను.

ఒక్క మాట. ‘చికెన్, అప్పుడప్పుడు చేప.’ అంతే చెప్పి ఊరుకున్నాను. దళిత సాహిత్యం మీద థీసిస్ రాసిన మనిషిని. తిండి హక్కు మీద స్టేజీలెక్కి గొంతు చించుకున్న మనిషిని. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు జరిగిన దాడుల గురించి ఏటా మీకు గుర్తు చేసే మనిషిని. ఏసీ గదిలో, తెల్ల కోటు ముందు, ఫైలు తెరిచి పెట్టుకుని పెన్ను పట్టుకున్న ఒక చిన్నపిల్ల ముందు, నా కంచంలో సగం నేనే దాచేశాను.

మా అమ్మ నా వైపు చూసింది. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగింది.

‘ఎనుము కూర గూడా తింటాం మేడం. వారానికొకసారి. లేనప్పుడు ఎండు తునకలు. ఏంటికి దాపెట్టేది? డాక్టరు కాడ దాపెడితే రోగం పోతాదా?’

పెన్ను ఆగింది. ఆ అమ్మాయి మొహంలో కోపం లేదు, ఒక రకమైన ఇబ్బంది. ఎవరింట్లోనో చూడకూడనిది చూసినట్టు. ‘అది మాత్రం పూర్తిగా మానేయాలమ్మా. హెవీ. ఒంటికి వేడి. ఈ రెండు వారాలు సాత్వికంగా ఉంటే మైండ్ కూడా ప్రిపేర్ అవుతుంది’ అంది. ఫైలులో ఏదో రాసింది. తర్వాత ఎక్స్‌రే గదికి ఆ ఫైలు నా చేతికే ఇచ్చి పంపారు కాబట్టి చదివాను. చెప్పిన డైట్ పాటించడం అనుమానమే అని రాసి ఉంది.

ఇంకా మొదటి ముద్ద కూడా తినలేదు నేను. అప్పటికే ఫెయిల్.

*

ఇక్కడ ఆగి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ వ్యాసం చదివి ఎవరైనా ‘డైట్ కాగితం చింపేయండి, అదంతా బ్రాహ్మణీయ కుట్ర’ అని షేర్ చేస్తే నేను ఒప్పుకోను. ఆ కాగితం వెనక నిజమైన వైద్యం ఉంది. ముందు దాన్ని తెలుసుకుందాం. తెలియకుండా తిట్టడం మన పద్ధతి కాకూడదు.

ఈ ఆపరేషన్ పొట్ట పెద్దగా కోయకుండా చిన్న చిన్న రంధ్రాల్లోంచి చేస్తారు. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 80 శాతం తీసేస్తారు. ఆ జీర్ణాశయం పైభాగాన్ని కప్పుకుని ఉండేది కాలేయం ఎడమ తమ్మె. మా భాషలో కార్జం. నాలాంటి ఒంట్లో కార్జం కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది. దాన్ని పైకెత్తి పట్టుకుంటే తప్ప డాక్టరుకు కింద దారి కనిపించదు. ఉబ్బిన కార్జం లేవదు, లేపితే చిట్లి రక్తం కారొచ్చు. మరీ కుదరకపోతే పొట్ట మొత్తం తెరవాల్సి రావచ్చు.

అందుకే ఆపరేషన్ ముందు రెండు వారాలు తిండి బాగా తగ్గిస్తారు. నాకు రోజుకు వెయ్యి కేలరీలు దాటొద్దన్నారు. అన్నం, సంగటి, చక్కెర లాంటి పిండిపదార్థాలు దాదాపు బంద్. కొవ్వు తక్కువ. ప్రొటీన్ మాత్రం తగ్గకూడదు, లేకపోతే కండ కరుగుతుంది. పిండిపదార్థం రాకపోయేసరికి ఒళ్లు ముందు కార్జంలో దాచుకున్న గ్లైకోజెన్‌ను వాడుకుంటుంది. దాంతోపాటు నీళ్లు పోతాయి, కొవ్వు కూడా కరగడం మొదలవుతుంది. కార్జం మెత్తబడి, చిన్నదవుతుంది.

ఇది ఊహ కాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో 32 మందికి 12 వారాలు ఇలాంటి తిండి పెట్టి స్కాన్లు తీసి చూశారు. కార్జం తగ్గిన మొత్తంలో 80 శాతం మొదటి రెండు వారాల్లోనే తగ్గింది. రెండు వారాలు అన్న లెక్కకు బలం అక్కడిది.

కాబట్టి ‘సంగటి మానెయ్’ అంటే నేను మారు మాట్లాడను. సంగటి మా ప్రాణం. తంబళ్లపల్లె మెట్టల్లో వాన పడ్డా పడకపోయినా మమ్మల్ని నిలబెట్టింది రాగి. కాల్షియంలో బియ్యం దాని దరిదాపులకు రాదు. కానీ రాగి కూడా పిండిపదార్థమే. నూరు గ్రాముల్లో సుమారు డెబ్బై గ్రాములు అదే. ‘మన తాతలు తిన్నది కాబట్టి ఎంత తిన్నా పర్లేదు’ అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. మిల్లెట్ వ్యాపారం చేసేవాళ్లలోనూ ఉన్నారు. ఈ పద్నాలుగు రోజులకు ఆ మాట పనికిరాదు. సంగటి మానాను. పదకొండు రోజులుగా ముట్టలేదు. కలలోకి వస్తోంది, అది వేరే సంగతి.

మరి పెద్దకూర?

*

పెద్దకూర ఎందుకు మానాలో ఆ కాగితంలోని లెక్క ప్రకారమే చూద్దాం.

కావలసింది ప్రొటీన్. కొవ్వు తీసేసిన పెద్దకూర నూరు గ్రాముల్లో సుమారు ఇరవై గ్రాములు ప్రొటీన్. పిండిపదార్థం దాదాపు సున్నా. కాగితంలో రాసిన పనీర్‌లో ప్రొటీన్ దీనికంటే ఎక్కువేం ఉండదు, కొవ్వు మాత్రం చాలా ఎక్కువ. ‘కొవ్వు తక్కువ తినండి’ అని పైన రాసి, కింద పనీర్ రాసి, కొవ్వు తీసిన కూరను కొట్టేసిన చేయి ఏ పుస్తకం చదివింది? పోషకాహార శాస్త్రం మాత్రం కాదు.

ఆపరేషన్ తర్వాత మాలాంటివాళ్లకు జీవితాంతం వెంటాడేవి బీ12 లోపం, ఇనుము లోపం. మాత్రలు ఎటూ తప్పవు. ఎవరూ మానకండి. కానీ బీ12 సహజంగా దొరికేది జంతువుల నుంచి వచ్చే తిండిలోనే. ఆకుల్లో, పప్పుల్లో ఉండదు. ఒంటికి తేలిగ్గా పట్టే ఇనుము ఉండేది మాంసంలో. రేపు ఏ లోపాలకు భయపడాలో చెప్పే కాగితమే, ఆ లోపాలను ఆపే తిండిని ఈ రోజు ‘హెవీ’ అంటుంది.

ఇదే రెండు వారాల డైట్ బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఇస్తారు. అక్కడి కాగితాల్లో కొవ్వు తీసిన బీఫ్ మామూలుగా ఉంటుంది. అక్కడ కార్జం ఒకటి, ఇక్కడ కార్జం ఇంకొకటి కాదు కదా.

నేను ఈ ప్రశ్న ఆపరేషన్ చేసే డాక్టరునే అడిగాను. అమ్మ ఇచ్చిన ధైర్యం అది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ‘కొవ్వు తీసేసి, నూనె లేకుండా ఉడకబెట్టి, నూరు గ్రాములు దాటకుండా తినండి. ఏ జంతువుదో మీ కాలేయానికి తెలీదు’ అన్నారు. ఎండు తునకలు మాత్రం వద్దన్నారు. ఉప్పు ఎక్కువని. కారణం చెప్పారు, ఒప్పుకున్నాను. అదీ వైద్యం. కారణం చెప్తుంది. కులం కారణం చెప్పదు, మొహం పెడుతుంది.

తేడా పట్టుకోవడానికి ఒక చిన్న కొలత ఇస్తాను, రాసుకోండి. మీకు ఎవరైనా ‘ఇది తినొద్దు’ అంటే, ‘ఎందుకు?’ అని అడగండి. జవాబులో అంకె ఉంటే వినండి. జవాబులో ‘సాత్వికం’, ‘శుభ్రం’, ‘వేడి’, ‘మనసు’ ఉంటే, అది కార్జానికి రాసిన మందు కాదు. మీ పుట్టుకకు రాసిన మందు.

అంబేడ్కర్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’ రాశారు. అంటరానితనం మూలాన్ని వెతుకుతూ ఆయన చేరిన చోటు గొడ్డుమాంసం. తినడం మానినవాళ్లు పైకి, తింటూ ఉండిపోయినవాళ్లు ఊరి బయటికి. ఆ పుస్తకం పాఠం చెప్పేటప్పుడు నేను దాన్ని చరిత్ర అనుకున్నాను. ఏసీ గదిలో ఆ పెన్ను ఆగినప్పుడు తెలిసింది, అది ఇంకా చరిత్ర కాలేదని.

ఆ అమ్మాయిని తిట్టొద్దు. ఆమెకు చెప్పిన పాఠంలో మన కంచం లేదు. 2021లో పక్కనే కర్ణాటకలో బడిపిల్లలకు గుడ్డు పెట్టబోతే కొందరు మఠాధిపతులు అడ్డం తిరిగారు. గుడ్డే మింగుడుపడని చోట పెద్దకూర పాఠ్యపుస్తకంలోకి ఎలా వస్తుంది? లోపం ఆమె చదివిన పుస్తకానిది. ఆ పుస్తకం రాసినవాళ్ల వంటింటిది.

*

ఇప్పుడు మా ఊరి దగ్గరి కథ ఒకటి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ శానిటోరియం పెట్టారు. మన వైపు ముసలివాళ్లకు ఇప్పటికీ ఆ పేరు చెప్తే ‘టీబీ ఆసుపత్రి’ అనే గుర్తు. అప్పట్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచం మీద విశ్రాంతి, మంచి తిండి, ఇదే వైద్యం. అలాంటి చోట నెలల తరబడి ఉండాలి. కూలి మనిషికి అది కుదిరే పనేనా? మంచం దొరకాలి, పని మానాలి, ఇల్లు గడవాలి. పేదవాడి గుడిసె, పేదవాడి కంచం వైద్యానికి పనికిరావన్నది అప్పటి నమ్మకం.

తర్వాత మందులొచ్చాయి. అయినా ఆ నమ్మకం పోలేదు. 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. 193 మంది పేద రోగులు. కొందరిని శానిటోరియంలో ఉంచారు. కొందరిని ఇంటికి పంపి అవే మందులిచ్చారు. ఇంటికి పోయినవాళ్లది ఇరుకు ఇల్లు, నాసిరకం తిండి, కొంతకాలానికి మళ్లీ పని. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల్లోనూ జబ్బు నయం కావడం దాదాపు సమానంగా ఉంది. ప్రపంచమంతా క్షయ వైద్యం ఆసుపత్రి మంచం దిగి ఇంటికి రావడానికి ఆ పరీక్ష దారి చూపించింది. పేదవాడి ఇల్లు వైద్యానికి అడ్డం కాదని తేల్చింది.

అంటే తిండితో పనిలేదనా? కాదు. ఆ కథకు రెండో సగం ఉంది. 2023లో జార్ఖండ్ నుంచి ఇంకో పెద్ద పరీక్ష ఫలితాలొచ్చాయి. క్షయ రోగుల ఇళ్లకు నెలనెలా బియ్యం, కందిపప్పు, విటమిన్ మాత్రలు పంపారు. తిండి అందిన కుటుంబాల్లో మిగతావాళ్లకు క్షయ సోకడం 39 శాతం తగ్గింది. తిండి మందులా పనిచేసింది.

రెండు పరీక్షలూ కలిపి చదవండి. మొదటిది చెప్పింది: తిండిని గేటులా పెట్టొద్దు. రెండోది చెప్పింది: తిండిని మందులా ఇవ్వండి. మన ఆసుపత్రులు సరిగ్గా తిరగేసి చేస్తున్నాయి. తిండి ఇవ్వరు. తిండిని పరీక్షలా పెడతారు. పాసైతే లోపలికి, ఫెయిలైతే బయటికి.

*

పరీక్ష అని ఊరికే అనలేదు. నాకు చెప్పిన షరతు ఇది: పద్నాలుగో రోజు తూకంలో కనీసం అయిదు కిలోలు తగ్గకపోతే ఆపరేషన్ వాయిదా.

కార్జం తగ్గడానికి రెండు వారాల డైట్ పెట్టడం వేరు. తూకంలో ఇన్ని కిలోలు తగ్గితేనే లోపలికి రానిస్తామనడం వేరు. నెలల తరబడి డైట్ చేసి బరువు తగ్గి చూపించాలని బీమా కంపెనీలు పెట్టే షరతును అమెరికాలో ఈ ఆపరేషన్లు చేసే డాక్టర్ల సంఘమే 2016లో తప్పుబట్టింది. అది వివక్ష అనీ, శాస్త్రం లేనిదనీ, దానివల్ల రోగులు మధ్యలోనే వదిలి వెళ్లిపోతున్నారనీ చెప్పింది. చెప్పింది డాక్టర్లు, మన ఉద్యమకారులు కాదు.

మన దేశంలో బీమా సంగతి చూడండి. ఐఆర్‌డీఏఐ 2019లో తెచ్చిన ప్రామాణిక నిబంధనల ప్రకారం, ఈ ఆపరేషన్‌కు డబ్బు రావాలంటే బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి అదుపులో లేని షుగరు, గుండె జబ్బు లాంటివి ఉండాలి, అంతకుముందు మామూలు పద్ధతుల్లో బరువు తగ్గడానికి ప్రయత్నించి విఫలమై ఉండాలి. మన ఆసియా ఒళ్లకు తక్కువ బరువులోనే షుగరు వస్తుందని, 27.5 నుంచే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ డాక్టర్ల సంఘాలు చెప్పాయి. మన కాగితాలు ఇంకా 40 దగ్గరే నిలబడి ఉన్నాయి.

చూశారా వింత? బీమా దగ్గర ‘నువ్వు ఓడిపోయావని రుజువు తెచ్చుకో’ అంటారు. ఆసుపత్రి దగ్గర ‘నువ్వు గెలవగలవని రుజువు తెచ్చుకో’ అంటారు. రెండు చోట్లా నిలబడాల్సింది ఒకే మనిషి, అదే ఒళ్లు.

*

ఇప్పుడు మనవాళ్ల గురించి. మనల్ని మనం వదిలేస్తే ఎట్లా?

నేను ఈ ఆపరేషన్ చేయించుకుంటున్నానని చెప్పినప్పుడు ఉద్యమంలోని ఒక పెద్దాయన, నేను అన్నా అని పిలిచే మనిషి, నవ్వి అన్నాడు: ‘తిండి లేక చచ్చే జాతి మనది. నువ్వేమో తిండి ఎక్కువై కోయించుకుంటున్నావు.’

అన్నా, ఈ వ్యాసం మీరు చదువుతారని తెలుసు. జవాబు ఇక్కడే ఇస్తున్నా.

మన పోస్టర్లు గుర్తు తెచ్చుకోండి. మన బుర్రకథలు, మన కథలు, మన కార్టూన్లు. దొరకు బొజ్జ ఉంటుంది. కూలివాడికి పక్కటెముకలు కనిపిస్తాయి. పాతికేళ్లుగా తెలుగు సాహిత్యం చదువుతున్నాను. కొవ్వు దోపిడీకి గుర్తు, ఎముక మనకు గుర్తు. ఒకప్పుడు అది నిజం. ఇప్పుడు సగమే నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. ఆ 36 శాతం మందీ దొరసానులేనా? లావుగా ఉన్న మాదిగ ఆడమనిషిని ఏ పోస్టరులో గీస్తారు? ఎవరి పక్కన నిలబెడతారు? మన బొమ్మలో నాకు చోటు లేకపోతే, ఆ బొమ్మే తప్పు.

నా ఒళ్లు తిండి ఎక్కువై తయారైంది కాదు. తిండిలో ఒకటే ఎక్కువై తయారైంది. 1983 నుంచి కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, ఆ పథకాన్ని నేను ఎప్పుడూ చిన్నచూపు చూడను. మా అమ్మమ్మ ఆ బియ్యంతోనే బతికింది. కానీ ఇన్నేళ్లయినా చౌక దుకాణం నుంచి మనకు ప్రధానంగా వచ్చేది తెల్ల బియ్యమే. సంగటి తగ్గింది. కొర్ర, సజ్జ పోయాయి. బియ్యం పక్కన పప్పు పెరగలేదు, గుడ్డు రాలేదు. పొలాల్లో శెనక్కాయలు పీకిన చేతులకు ఇంటికి తెచ్చుకునే శెనక్కాయలు పిడికెడే. ఉన్న ఒక్క చౌక ప్రొటీన్ పెద్దకూర. దాని మీద చట్టాలు, దాడులు, మొహాలు. హాస్టల్లో పదేళ్లు నేను తిన్నది అన్నం, నీళ్ల సాంబారు, మళ్లీ అన్నం. కడుపు నిండింది. కండ పట్టలేదు, కొవ్వు పట్టింది. ఒళ్లు అబద్ధం చెప్పదు. ఏం పెడితే అది చూపిస్తుంది.

అన్నా, తిండి లేకపోవడమూ, ఒకే రకం తిండి ఉండటమూ రెండూ లేమి బిడ్డలే. ఒకరు ఎముకలతో పుట్టారు, ఇంకొకరు కొవ్వుతో. అక్కచెల్లెళ్లం మేం. ఒకరిని చూపించి ఇంకొకరిని ఎగతాళి చేయకండి.

*

నాకున్న వెసులుబాటు కూడా చెప్పాలి. లేకపోతే ఇది నిజాయితీ లేని రాత అవుతుంది.

వెయ్యి కేలరీల మీద రెండు వారాలు నేను ఎలా గడుపుతున్నాను? సెలవు పెట్టాను. మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. రెండో రోజు తల పగిలిపోయింది. మూడో రోజు చేతులు వణికాయి. నా షుగర్ మందుల మోతాదు డాక్టరు మొదటి రోజే తగ్గించారు కాబట్టి సరిపోయింది. ఎవరైనా ఈ డైట్ మొదలుపెడితే ముందు మందుల గురించి డాక్టరును అడగండి. పాత మోతాదులోనే మింగుతూ తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఆ కాగితంలో ఈ మాట చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. ‘సాత్వికం’ మాత్రం డబ్బా కట్టి పెద్ద అక్షరాల్లో ఉంది.

ఇదే జబ్బు, ఇదే బరువు మా అమ్మకు ఉండి ఉంటే? ఉపాధి పనికి పోయి మట్టి తవ్వే రోజుల్లో? వెయ్యి కేలరీలతో గడ్డపార లేస్తుందా? పద్నాలుగు రోజులు పని మానితే పద్నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు? ప్రొటీన్ పొడి డబ్బాకు నేను పెట్టిన డబ్బు ఆమెకు ఎన్నో రోజుల కూలి. నా జీతం నన్ను ఆ గది దాకా తెచ్చింది. ఆ జీతం వెనక రిజర్వేషన్ ఉంది. దాని వెనక రాజ్యాంగం ఉంది. దాని వెనక ఎవరున్నారో మీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ గది బయటే ఆగిపోయిన ఆడవాళ్ల గురించి మాట్లాడకపోతే, నేను లోపలికి పోయి ఏం లాభం?

*

కాబట్టి తిట్టి ఊరుకోను. అడుగుతాను.

ఒకటి: డైట్ కాగితం తెలుగులో ఇవ్వాలి. రోగి చేతికే కాదు, వంట చేసే మనిషికి అర్థమయ్యేలా. ఎన్ని గ్రాములో కాకపోయినా ఎన్ని పిడికిళ్లో, ఎన్ని గరిటెలో చెప్పాలి.

రెండు: కాగితం ఇచ్చే ముందు ‘మీ ఇంట్లో ఏం వండుతారు?’ అని అడగాలి. వచ్చిన జవాబుకు మొహం పెట్టకుండా లెక్క కట్టాలి. మదనపల్లె టమోటా మార్కెట్ పక్కన బతుకుతూ, ధర పడిపోతే టమోటాలు రోడ్డు మీద పారబోసే రైతులను చూస్తూ పెరిగినవాళ్లం మేం. మాకు చెర్రీ టమోటా రాశారు. బ్రోకలీ, జుకినీ రాశారు. మా అమ్మ ఆ పేర్లు విని, ‘అవి ఆకులా, మందులా?’ అని అడిగింది. చెంచలాకు, పొనగంటాకు, గురుగాకు గట్ల మీద ఊరికే మొలుస్తాయి. ఏ కాగితంలోనూ ఉండవు.

మూడు: రెండు వారాల డైట్ ఆపరేషన్‌లో భాగమైతే, దాని ఖర్చు కూడా ఆపరేషన్ ఖర్చులోనే ఉండాలి. ప్రొటీన్ పొడి, గుడ్లు, విటమిన్ మాత్రలు, అన్నీ. బీమా అయినా, ప్రభుత్వ పథకమైనా. కూలి మనిషికి ఆ రోజుల కూలి నష్టం కట్టించాలి. కత్తికి డబ్బిచ్చి, కత్తికి ముందు తినాల్సిన తిండికి ఇవ్వకపోతే అది సగం వైద్యమే.

నాలుగు: తూకం అంకె చూపించి ఎవరినీ వెనక్కి పంపకూడదు. కార్జం సంగతి కావాలంటే స్కాన్ చేసి చూడండి.

అయిదు: ఫైలులో మనిషి గురించి ముందే తీర్పు రాయడం ఆపాలి. ‘పాటించడం అనుమానమే’ అని రాసే ముందు, పాటించగలిగేలా మీరేం చేశారో రాయండి.

న్యూట్రిషన్ చదువుతున్న మన పిల్లలు ఇది చదువుతున్నారని తెలుసు. పద్మావతి యూనివర్సిటీలో, ఇంకా చాలా చోట్ల ఉన్నారు మీరు. మీ ప్రాజెక్టుకు టాపిక్ దొరకలేదని నాకు మెసేజ్‌లు పెడతారు కదా. ఇదిగో టాపిక్. మీ మాలపల్లెలో, మాదిగపల్లెలో, తండాలో, ఒక్కో ఇంట్లో ఏం వండుతారో రాసుకోండి. నల్ల, బోటి, కార్జం, తునకలు, ఉలవలు, ఆకుకూరలు. ఒక్కోదానిలో ఎంత ప్రొటీన్, ఎంత ఇనుము, ఎంత ఉప్పు కొలవండి. మంచిది మంచిదని రాయండి, చెడ్డది చెడ్డదని రాయండి. మన తిండి అని గొప్పలు పోవద్దు, మన తిండి అని సిగ్గుపడొద్దు. ఇప్పటిదాకా మన కంచం మీద కవిత్వం రాశాం. ఇక పట్టిక కూడా రాయాలి. ఆసుపత్రి గోడ మీద కవిత్వం అతికించరు, పట్టిక అతికిస్తారు.

*

ఈ రాత్రి నా భోజనం చెప్పి ముగిస్తాను. నూనె లేకుండా ఉడకబెట్టిన పెద్దకూర, నూరు గ్రాములు. అమ్మ కొవ్వు ముక్కముక్కా ఏరి తీసేసింది. ఇరవై నిమిషాలు పట్టింది. మిరియాలు, వెల్లుల్లి, చిటికెడు ఉప్పు. పక్కన పొనగంటాకు. పల్చటి మజ్జిగ ఒక గ్లాసు. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం ప్రొటీన్ పొడి. అంతే.

తూకం గురించి అందరూ అడుగుతున్నారు. ఈ పొద్దున 112.6. షరతు ప్రకారం పాసయ్యాను. సంతోషంగా లేదు. ఎందుకంటే నేను ఫెయిలై ఉన్నా నా కార్జం ఇంతే తగ్గి ఉండేది కావచ్చు. ఫెయిలై వెనక్కి పోయినవాళ్లలో ఎంతమంది కార్జాలు తగ్గి ఉన్నాయో ఎవరూ చూడలేదు.

కంచం తీసుకుపోతూ అమ్మ అడిగింది: ‘మే, ఆ పొద్దు ఆ పాప ముందర చికెన్ అని ఏంటికి చెప్తివి?’

నా దగ్గర జవాబు లేదు. పదకొండు రోజులుగా వెతుకుతున్నా. ఈ వ్యాసమంతా ఆ జవాబు కోసమే రాశాను. ఇంతే దొరికింది: అమ్మా, ఆ గదిలో నాకు చదువు గుర్తొచ్చింది, నువ్వు గుర్తు రాలేదు.

ఇక మీదట ఎవరు అడిగినా చెప్తాను. మీరూ చెప్పండి. డాక్టరు ముందు, బీమా ఫారం మీద, క్యాంటీన్‌లో, అద్దె ఇంటి ఓనరు ముందు. ఏం తింటారని అడిగితే తినేది చెప్పండి. నీ జబ్బుకు లెక్క కట్టాలంటే నీ కంచం నిజం చెప్పాలి.

కామెంట్లలో మీ ఇంట్లో, మీ ఆసుపత్రిలో జరిగింది రాయండి. ఆసుపత్రి పేర్లు, మనుషుల పేర్లు వద్దు. జరిగింది చాలు. శుక్రవారం ఆపరేషన్. జవాబులు ఆలస్యమవుతాయి. హాస్టల్ సాంబారు బాకీ ఉంది, అది తీర్చకుండా పోను.

జై భీమ్.